నీలి దీపం వేసిన నింద

పోయిన వారం కరోల్ బాగ్‌లో లైట్లార్పిన హాలు దగ్గర ఆగింది కథ. ముందు ఆ లైట్లు వేద్దాం.

హాలు ఢిల్లీ తెలుగు స్టాంపుల సంఘం వాళ్ళు అద్దెకు తీసుకున్నది. దీపం నిరంజన్‌ది. స్టాంపు సీతది. పోయిన పరువు మాత్రం సీత అన్న రఘురామ్‌ది.

నిరంజన్ కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. ఆఫీసున్న రోజుల్లో ఫైళ్ళ మీద సంతకాలు పెడతాడు, సెలవు రోజుల్లో పాత స్టాంపుల మీద సందేహాలు పెడతాడు. ఏది అసలు, ఏది తర్వాత మళ్ళీ అచ్చేసిన రీప్రింటు, ఏది పచ్చి నకిలీ అని తేల్చడంలో ఢిల్లీ తెలుగువాళ్ళలో అతనిదే ఆఖరి మాట. ఇంట్లో ఆఖరి మాట భార్య అనసూయది. ఆవిడ ఈ విద్యని ఫిలాటలీ అనదు, 'పిల్లాటలు' అంటుంది.

ఆ హాల్లోకి ఘాజియాబాద్ నుంచి సీత ఒక అర్ధణా తపాలా బిళ్ళ పట్టుకొచ్చింది. భోలాగఢ్ అని, మ్యాపు మీద ఈగ వాలితే మరి కనబడని బుల్లి సంస్థానం తాలూకు బిళ్ళ. పోయేముందు తండ్రి కోదండరామయ్యగారు "ఇది అమ్మాయికి" అని అందరి ముందూ చెప్పిన బిళ్ళ. ఇన్నాళ్ళూ ఆయన ఆల్బములన్నీ కొడుకు రఘురామ్ ఇంట్లోనే ఉన్నాయి. సీత కొత్త ఫ్లాట్లోకి మారాక, అన్న తన చేత్తోనే తెచ్చి ఇచ్చాడు.

నిరంజన్ హాల్లో లైట్లార్పించి, తన అతినీలలోహిత దీపం వెలిగించి, బిళ్ళని దాని కింద పెట్టాడు. పాత కాగితమైతే ఆ వెలుగులో మొద్దుగా, మట్టిగా పడి ఉండాలి. ఇది మాత్రం పెళ్ళిపందిట్లో ట్యూబులైటులా ధగధగా వెలిగింది.

"ఇది పాత కాగితం కాదమ్మా. ఈమధ్య ఎవరో అచ్చేసిన నకిలీ" అనేశాడు నిరంజన్. సంఘం చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్ల మధ్యే సీత లేచి, వెనక వరసలో ఉన్న అన్నవైపు తిరిగి, "నాన్న నాకిచ్చిందాన్ని మార్చేశావా అన్నయ్యా?" అని అడిగింది. ఈ ఏడు రాఖీ కట్టనంది. ఆ గడప తొక్కనంది. అణా వల్ల అన్న పోయాడు. అదీ అర్ధణా!

ఇక ఈ వారం.

ఆదివారం పొద్దున ఆర్.కె.పురం క్వార్టర్సులో నిరంజన్ నీరసంజన్ అయిపోయి, ముందు గదిలోంచి వంటింట్లోకీ, వంటింట్లోంచి ముందు గదిలోకీ తిరుగుతున్నాడు. పేపరు తిరగేసి పట్టుకున్నాడు. ఆ సంగతి కూడా గమనించలేదు.

"కూర్చోండి. మీరు తిరుగుతుంటే ఫ్యాను ఆగిపోయి మిమ్మల్నే చూస్తోంది" అంది అనసూయ.

"అనూ, నాకొకటి అర్థం కావడం లేదు."

"ఒకటేనా! అదృష్టవంతులు."

"ఆ రోజు నేను దీపం వేశానా? వెలుగు చూశానా? నకిలీ అన్నానా? భూతద్దం పెట్టి చూశానా?"

"చూశారా?"

నిరంజన్ పేపరు మడిచి పడేశాడు. భూతద్దం ఆ రోజంతా జేబులోనే ఉంది. చప్పట్లు ముందొచ్చాయి, అనుమానం తర్వాతొచ్చింది. వచ్చింది వచ్చినట్టు కూర్చోకుండా రోజూ అతనితోపాటే మెట్రో ఎక్కుతోంది, అతనితోపాటే లంచి బాక్సు విప్పుతోంది. తన మాట నిజమైతే సరే, దొంగ దొరికాడు. అబద్ధమైతే? ఒక ఆడపిల్ల చేత తోడబుట్టినవాణ్ణి నలుగురిలో దొంగ అనిపించింది తనే.

సరిగ్గా అప్పుడే బెల్లు మోగింది. మోగడం అంటే మామూలుగా కాదు, వేలు తియ్యకుండా మోగింది.

"ఎక్స్‌పర్టుగారున్నారా?" గుమ్మంలో రఘురామ్. తెల్లటి కుర్తా, ఎర్రటి ముఖం. నిరంజన్ పనిచేసే బిల్డింగులోనే పై అంతస్తులో డిప్యూటీ సెక్రటరీ. ఆయన వెనక, రానన్నా లాక్కొచ్చినట్టు, చున్నీ కొస నలుపుకుంటూ సీత.

"రండి సార్, రండి. సీతగారూ, రండమ్మా."

"కూర్చోడానికి రాలేదండీ" అంటూనే రఘురామ్ కూర్చున్నాడు. "మా కాలనీలో వాచ్‌మన్ కూడా నన్ను చూసి గేటు తియ్యాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు. నిన్న ఆఫీసు లిఫ్టులో ఒకాయన పర్సు తడుముకున్నాడు. సీతని ఘాజియాబాద్ వెళ్ళి బండెక్కించుకొచ్చాను. దీని ముందే చెప్పండి. పొరపాటు పడ్డాను, అది అసలుదే అని రాసివ్వండి. బస్."

"చూడకుండా ఎలా రాస్తాను సార్?"

"అచ్ఛా! చూడకుండా నకిలీ అన్నారుగా? చూడకుండా అసలుదనడానికేం?"

ఆ మాట సూటిగా తగిలింది.

"రాయించుకుంటే నేను నమ్ముతానా అన్నయ్యా?" అంది సీత, కిటికీవైపు చూస్తూ. "నువ్వు పెద్ద ఆఫీసరువి. నువ్వు కళ్ళెర్రజేస్తే నిరంజన్‌గారు భోలాగఢ్ రాజువి కూడా నువ్వే అని రాసిస్తారు."

"చూశారా, చూశారా! ఎలా మాట్లాడుతోందో!"

"ముందు కాఫీ తాగండి అన్నయ్యగారూ" అని అనసూయ ట్రే దింపింది. "ఇప్పుడే తీసిన డికాషన్. రీప్రింటు కాదు."

ఎవరూ నవ్వలేదు. నిరంజన్ మాత్రం కాఫీ ముట్టకుండా లేచి, బల్ల దీపం వేసి, సీత చేతిలోంచి బిళ్ళని చిన్న పట్టకారుతో అందుకుని, ఈసారి భూతద్దం కంటికి ఆనించాడు.

చూశాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

ఈ కాలంలో యంత్రం మీద అచ్చేసిన నకిలీ అయితే, భూతద్దం కింద రంగంతా సన్నటి చుక్కలుగా విడిపోవాలి. ఇక్కడ చుక్కన్నది లేదు. గీత గీతలాగే ఉంది. రాగిరేకు మీద ఉలితో చెక్కి, సిరా పూసి, కాగితం మీద అదిమినప్పుడు వచ్చే గీత అది. సిరా కాగితం మీద సన్నగా ఉబ్బి కూడా ఉంది. రాజుగారి తలపాగా అంచులో చెక్కినవాడి చెయ్యి కాస్త వణికిన ఆనవాలు కూడా ఉంది.

"ఏమిటి?" అన్నాడు రఘురామ్.

"గీత చూస్తే పాతది సార్."

"చెప్పాను కదా! రాయండి మరి."

"వెలుగు చూస్తే కొత్తది."

"అంటే?"

"అంటే ఇద్దరు సాక్షులు సార్. ఒకరు అబద్ధం చెబుతున్నారు. ఎవరో తేలకుండా నేను సంతకం పెట్టను." నిరంజన్ గొంతు వణికింది గాని మాట వణకలేదు. "దీపం మళ్ళీ వెయ్యాలి. చీకటి కావాలి."

ఆగస్టు నెల ఢిల్లీ ఎండలో, ప్రభుత్వ క్వార్టర్సులో, పొద్దుటి పూట చీకటి ఎక్కడ దొరుకుతుంది? ముందు గది కర్టెన్లు దూరం నుంచి చూడ్డానికి కర్టెన్లు, దగ్గరికెళ్తే జల్లెళ్ళు. పడగ్గదికి తలుపు సరిగా పడదు. మిగిలింది బాత్రూము. దాని వెంటిలేటర్లో తువ్వాలు కుక్కితే అమావాస్యే.

అలా ఆ పొద్దున డిప్యూటీ సెక్రటరీ, ఆయన చెల్లెలు, సెక్షన్ ఆఫీసరు, ఆయన భార్య, ఒక అర్ధణా బిళ్ళ ఒకే బాత్రూములో సర్దుకున్నారు. బక్కెట్టు మీద పీట, పీట మీద నల్ల కాగితం, దాని మీద బిళ్ళ. పైన తీగ మీద పొద్దున్నే ఉతికి ఆరేసిన బట్టలు రఘురామ్ నెత్తిమీద చుక్క చుక్కగా కారుతున్నాయి.

"కాస్త జరగండి" అన్నాడు రఘురామ్.

"జరిగితే కమోడే అన్నయ్యగారూ" అంది అనసూయ.

నిరంజన్ తలుపు మూసి, దీపం నొక్కాడు.

బిళ్ళ వెలిగింది. అదే వెలుగు. తెల్లగా, నీలంగా, సిగ్గులేకుండా. సీత నిట్టూర్చింది. "చూశావా అన్నయ్యా" అంది మెల్లగా. ఆ మాటలో కోపం కన్నా ఆశ చచ్చిపోయిన చప్పుడు ఎక్కువ వినిపించింది నిరంజన్‌కి. అంతదాకా బింకంగా ఉన్నా, తన దీపం తప్పని తేలితే బాగుండునని ఆవిడా కోరుకుంటోందని అతనికి అప్పుడు తెలిసింది.

రఘురామ్ ఏదో అనబోయాడు. ఆయన మనిషి కనిపించడం లేదు గాని తెల్ల కుర్తా మాత్రం తలా కాళ్ళూ లేకుండా గాలిలో తేలుతోంది. దాని పైన తీగ మీద రెండు బనీన్లు, ఒక దుప్పటి, కూతురు హారిక స్కూలు చొక్కా. అన్నీ దయ్యాల సభలా నీలంగా మెరుస్తున్నాయి.

అనసూయకి నవ్వాగలేదు. "ఏమండీ, మీ స్టాంపు అచ్చం మీ బనీనులా మెరుస్తోందేమిటి!"

నిరంజన్ తలెత్తాడు. బనీను చూశాడు. బిళ్ళ చూశాడు. కుర్తా చూశాడు. మళ్ళీ బిళ్ళ చూశాడు.

"అనూ... ఇంకోసారి అను."

"బనీనులా అన్నాను. ఏం, తప్పా?"

"నా బుర్రకి ఆ సంగతి ఆ రోజు తట్టలేదే!" నిరంజన్ గొంతులో కంగారు. "బట్టల సబ్బుపొడిలో తెలుపు తళతళలాడ్డానికో మందు కలుపుతారు. ఈ దీపం పడితే అది వెలుగుతుంది. కొత్త కాగితంలో కలిపేదీ అలాంటిదే. దీపానికి తెలిసింది ఆ మందు ఒక్కటే. కాగితం వయసు దానికి తెలీదు. సీతగారూ, ఈ బిళ్ళని ఎవరైనా ఉతికారా?"



"ఉతకడమేమిటండీ..." సీత గొంతు చీకట్లోంచి సన్నగా వచ్చింది. "స్నానం చేయించాను."

"ఎవరికి?"

"దానికే. అన్నయ్య ఇచ్చినప్పుడు నాన్న బిగించిన నల్ల అట్ట చట్రంలో ఉంది. అంతమంది ముందు పెడుతున్నాం కదా, కాస్త శుభ్రం చేద్దామని చట్రం విప్పాను. బిళ్ళ ఏదో పాత కవరు ముక్కకి అతుక్కుని ఉంది. నాన్న ఇలాంటివి నీళ్ళలో నానబెట్టి ఊడదీసేవారు, చిన్నప్పుడు చూసేదాన్ని. నేనూ నానబెట్టాను. కానీ మా ఘాజియాబాద్ బోరు నీళ్ళు మీకు తెలీదు. పప్పు ఉడకదు, జుట్టు నిలవదు. రాత్రి నానేసిన శనగలు పొద్దున్న గులకరాళ్ళలా పలుకుతాయి. జిగురేం వదుల్తుంది? మా అపార్ట్‌మెంటులో అందరం దేనికైనా చిటికెడు సబ్బుపొడి వేస్తాం. అలవాటు మీద వేసేశాను."

"దేంట్లో?"

"పాలు కాచే తపేలాలో."

"తపాలా బిళ్ళని తపేలాలో వేసి..." నిరంజన్‌కి ఏడవాలో నవ్వాలో తెలీలేదు. "ఇన్నాళ్ళూ చెప్పలేదేం తల్లీ?"

"మీరడగలేదుగా! అందరూ చేస్తారనుకున్నాను."

తలుపు మీద దబదబా చప్పుడు. "పాపా! బాత్రూమ్‌లో మీటింగ్ చల్ రహీ హై క్యా? నాకు ట్యూషన్‌కి లేట్ అవుతోంది!" హారిక.

సభ ముందు గదికి వాయిదా పడింది.

"ఆ కవరు ముక్క పారేశారా?" నిరంజన్ కూర్చోకుండానే అడిగాడు. ప్రాణమంతా ఆ ప్రశ్నలో ఉంది.

"నాన్నది కదా, ఎలా పారేస్తాను?" సీత హ్యాండ్‌బ్యాగులోంచి మెట్రో కార్డు తొడుగు తీసింది. కార్డు వెనక, గోధుమరంగుకి మాగిపోయిన చిన్న కాగితం ముక్క. దానికి సబ్బు నీళ్ళ మరక అంచుల్లో వలయంలా తేలింది. ఒక మూల మాత్రం నల్లటి వంకర గీత.

నిరంజన్ దాన్ని బల్ల మీద పెట్టాడు. చేతులు తుడుచుకుని, బిళ్ళని దాని మీద, ఇదివరకు ఉన్న చోటే, జాగ్రత్తగా ఆనించాడు. అందరూ వంగారు.

బిళ్ళ మీద పోస్టాఫీసు ముద్రలో ముప్పాతిక ఉంది. మిగతా పాతిక కవరు ముక్క మీద ఉంది. రెండూ కలిశాయి. గీతకి గీత, అక్షరానికి అక్షరం. సున్నా పూర్తయింది. కరోల్ బాగ్ హాల్లో నిరంజన్ చేసిన పరీక్షకీ అవే మార్కులు.

"ఇది కవరెక్కి, ముద్ర గుద్దించుకుని, ఊరు దాటి వచ్చిన బిళ్ళ" అన్నాడు నిరంజన్. "ఇంకో అనుమానం కూడా రానివ్వకుండా చెబుతాను వినండి. భోలాగఢ్ వాళ్ళు పాత రాగిరేకుల్ని మళ్ళీ బయటికి తీసి, కలెక్టర్ల కోసం రీప్రింట్లు కొట్టారు. జిల్లా కలెక్టర్లు కాదు అనూ, నాలాంటి కలెక్టర్లు. రేకు అదే కాబట్టి బొమ్మ అదే. కానీ ఆ రీప్రింట్లు ఒక్కటీ ఉత్తరమెక్కలేదు. దీనికి ఉత్తరమెక్కిన సాక్ష్యం ఇదిగో. ఇది రీప్రింటు కాదు. నకిలీ అసలే కాదు. అసలు సిసలైన అసలు."

చేతులు జోడించాడు. "రఘురామ్‌గారూ, తప్పు నాది. నీలి దీపం వేసిన నింద కాబట్టి ఇది అక్షరాలా నీలాపనిందే. వచ్చే ఆదివారం అదే హాల్లో, అంతమంది ముందు లేచి ఒప్పుకుంటాను. రాసి కూడా ఇస్తాను."

ఇంత బరువు దిగాక అతని కాళ్ళు స్థిమితపడాలి కదా? పడలేదు. గదిలో ఏదో ఒకటి సరిగ్గా లేదు.

సీత అప్పటికే లేచింది. ముఖమంతా తడి. "అన్నయ్యా... అంతమందిలో నిన్ను దొంగన్నాను. వదిన ముఖం ఎలా చూడను? నీ ఇంటి గడప తొక్కనన్నాను. నా నోరు పడిపోను!" అంటూ వంగి, సోఫాలో ఉన్న అన్న పాదాలు రెండూ పట్టుకుంది. "కొట్టు అన్నయ్యా. తిట్టు. ఏదో ఒకటి అను."

రఘురామ్ చెల్లెల్ని లేవదీయలేదు. ఆయన చూపు బల్ల మీద పూర్తయిన ఆ సున్నా దగ్గరే ఆగిపోయింది. కూలరు ఎదురుగా తిరుగుతున్నా కుర్తా వీపుకి అతుక్కుంది.

గదిలో సరిగ్గా లేనిది అదేనని నిరంజన్‌కి అర్థమైంది. బాత్రూములో సీత కవరు ముక్క మాట ఎత్తినప్పటినుంచీ ఈ మనిషి నోరు విప్పలేదు.

"సార్, కాగితం తెమ్మంటారా? రాసిస్తాను."

"ఇంకోసారి చూడండి" అన్నాడు రఘురామ్.

"చూశాను కదండీ."

"సరిగ్గా చూడండి. అది... అది రీప్రింటు. రీప్రింటే అయ్యుంటుంది."

అనసూయ చేతిలో ట్రే ఆగింది. "అదేమిటన్నయ్యగారూ? వచ్చిందగ్గర్నుంచీ అసలుదని రాయమని మీరేగా ఆయన పీక మీద కూర్చున్నారు?"

"రాయమన్నాను! రాయమన్నానండీ! అంటే గొడవ సద్దుమణగాలని..." ఆయన ముద్రవైపు వేలు చూపించాడు. "కవరు ముక్క ఉందని నాకేం తెలుసు? చట్రం నేను విప్పలేదే! నాన్న దగ్గర రెండున్నాయి. రెండూ ఒకే పేజీలో, పక్కపక్కనే, ఒకేలాంటి చట్రాల్లో. ఎడమది అసలు, కుడిది రీప్రింటు. నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. నేను దీనికి కుడిదే ఇచ్చాను. నా చేత్తో నేను కుడిదే ఊడదీసి..."

ఆగిపోయాడు. ఆగేసరికి ఆలస్యమైంది. కానీ ఆయన ఎవర్నీ చూడటం లేదు, ఎవరు వింటున్నారో కూడా ఆయనకి తోచడం లేదు. తన లెక్క తనకే తప్పిపోయిన మనిషిలా నిరంజన్ ముఖంలోకి వంగి, దాదాపు బతిమాలుతున్నట్టు అడిగాడు.

"ఇది అసలుదైతే, మరి అసలుదని నేను ఫరీదాబాద్ సేఠ్‌కి అమ్మిందేమిటండీ?"

ఆయన పాదాల మీదినుంచి సీత చేతులు మెల్లగా వెనక్కి వచ్చాయి.